కొలత కాదు, పని చూడాలి

ఫ్రాన్స్‌లో పల్లెటూరి మనిషి జేబులో మడతచాకు ఉండడం తరతరాల అలవాటు. ఆల్ప్స్ కొండల్లోని సవాయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో తయారుచేసిన చాకు ఈనాటికీ దాదాపు అదే రూపంలో అమ్ముడవుతోంది. చెక్క పిడి, అందులోకి మడిచే ఉక్కు బ్లేడు, అంతే. తెరిచిన బ్లేడు వేళ్లమీదికి ముడుచుకోకుండా ఆపే తిప్పుడు రింగును 1955లో మార్సెల్ ఒపినెల్ చేర్చారు. లగియోల్ అనే ఊరి పేరుతో పుట్టిన సన్నని చాకుకు ఇంతకన్నా పాత చరిత్ర ఉంది. రొట్టె కోసుకోవడానికి, తాడు తెంపడానికి, పుట్టగొడుగులు ఏరుకోవడానికి రైతులు, పశువుల కాపరులు వాడిన పనిముట్లివి. అయినా ఆ దేశ చట్టం ప్రకారం తగిన కారణం చూపకుండా కత్తి వెంట తీసుకెళ్తే నేరం. ఏడాది జైలు, 15,000 యూరోల జరిమానా దాకా పడొచ్చు. ఆత్మరక్షణ కోసం పెట్టుకున్నానంటే సాధారణంగా ఒప్పుకోరు. అడవికి వెళ్తున్నవాడి జేబులో సబబైన చాకు, రాత్రివేళ నగరంలో అనుమానానికి తావిస్తుంది. ఎనిమిదో నంబరు ఒపినెల్ బ్లేడు పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. అది ఎంత చిన్నదైనా, ఎందుకు వెంట తెచ్చావన్న ప్రశ్న తప్పదు.

మన దేశం మరో దారి పట్టింది. 1959 ఆయుధాల చట్టం ఆయుధమంటే ఏమిటో చెబుతూనే, కేవలం ఇంటిపనికి, వ్యవసాయానికి చేసిన వస్తువులను ఆ నిర్వచనం నుంచి తప్పించింది. దాని కింద వచ్చిన నిబంధనల్లో ఒక కొలత ఉంది. కత్తి పొడవు తొమ్మిది అంగుళాలు, లేదా వెడల్పు రెండు అంగుళాలు దాటితే అది ఆయుధాల పట్టికలోకి వస్తుంది. ఇంటికి, సేద్యానికి, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమకు ఉద్దేశించినవాటికి మాత్రం అక్కడా మినహాయింపు ఉంది. పైగా తుపాకులు కాని ఆయుధాలను ఒక ప్రాంతంలో దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు తప్పనిసరి కావాలంటే కేంద్రం ఆ ప్రాంతాన్ని ప్రత్యేకంగా నోటిఫై చేయాలి. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ మీట నొక్కితే తెరుచుకునే చాకుల వంటివాటి మీద దృష్టి పెట్టి, 7.62 సెంటీమీటర్ల పొడవును హద్దుగా పెట్టింది. అంటే మన చట్టంలో కొలత ఒక్కటే తీర్పు చెప్పదు. కొలత అడుగుతుంది, పని జవాబిస్తుంది. నా దృష్టిలో ఇదే మంచి పద్ధతి. అయితే ఆ జవాబు వినే ఓపిక రోడ్డు మీద నిలబడ్డ అధికారికి ఉండాలి.

ఎందుకంటే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో కత్తి లేనిదే బతుకు సాగని కుటుంబాలు లెక్కలేనన్ని. ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట వైపు కొబ్బరిచెట్టెక్కేవాడు నడుముకు కత్తి కట్టుకుని ఊరి నుంచి ఊరికి తిరుగుతాడు. బొండాలు కొట్టే కత్తి చూడండి. కమ్మరి ఒక లారీ కమాను పట్టీ ముక్కను కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, అంచును నీళ్లలో ముంచి పదును పెడతాడు. బరువంతా ముందువైపు ఉంటుంది, లేకపోతే ఒక్క దెబ్బకు బొండం తల తెగదు. పిడి ఊడకుండా పొన్ను వేస్తాడు. అలాంటి కత్తి వెడల్పు చాలాసార్లు రెండు అంగుళాలు మించుతుంది. కొలత ఒక్కటే చూస్తే అది పట్టికలోకి వెళ్లాల్సిందే. గీత కార్మికుడి కత్తిదీ, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో కొండపోడుకు వెళ్లే గిరిజనుడి కత్తిదీ ఇదే పరిస్థితి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలమట్టం చేసినప్పుడు, కూలిన చెట్లను నరికి తీయడానికి ఈ కత్తులూ గొడ్డళ్లూ అక్కరకొచ్చాయి.

ఈ నేలమీద కత్తికి ఆయుధంగానూ గట్టి జ్ఞాపకమే ఉంది. 1753లో ఈ ప్రాంతం కూడా ఉన్న ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికి వచ్చాయి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలు, విజయనగరం సేనలు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాయి. కొద్ది రోజులకే ఒక రాత్రి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజు డేరాలో చొరబడి ఆయన్ను పొడిచి చంపాడు. ఆ రాత్రి వాడిన బాకు ముమ్మాటికీ ఆయుధమే. చంపడానికి చేసినదాన్నీ, బొండం కొట్టడానికి చేసినదాన్నీ వేరుగా చూడాలనే విషయం మన చట్టం రాసినవారికి బాగానే తెలుసు.

కత్తిపోట్ల వార్తలు నిత్యం చదువుతున్నాం కదా, ఏ కత్తినీ రోడ్డు మీదికి రానీయకపోతే సరిపోదా అని కొందరంటారు. ఆ భయం నిజమైనదే. అయితే కూరగాయలు కోసే కత్తి ప్రతి ఇంట్లో ఉంది. రోడ్డు మీద నిషేధం దాన్ని తాకదు. దెబ్బ తగిలేది చెట్టునే పనిచోటుగా చేసుకుని, పనిముట్టు వెంట మోసుకు తిరగక తప్పనివాడికే. కత్తితో గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ ఎటూ ఉంది. గొడవలు రేగే చోట నిషేధాజ్ఞలకు నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ ఉంది. వాటిని అవసరమైన రోజుల్లో, అవసరమైన చోట వాడుకోవాలి.

పని పేరు చెప్పి ఎవడైనా తప్పించుకోవచ్చు కదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నిజమే, అబద్ధం ఆడొచ్చు. కానీ పనికి ఆనవాళ్లుంటాయి. భుజాన మోకు, చేతుల కాయలు, వెళ్తున్న వేళ, వెళ్తున్న తోట, గోనెలో చుట్టిన కత్తి, ఇవన్నీ సాక్ష్యమే. పండగ జనంలో చొక్కా కింద దాచిన కత్తికి ఇలాంటి సాక్ష్యం దొరకదు. ఫ్రాన్స్ పద్ధతిలో నాకు కనిపించే లోపం కూడా ఇక్కడే. తగిన కారణం ఏదో ముందే స్పష్టంగా తెలియకపోతే పౌరుడు ఆపిన అధికారి మనసు మీద ఆధారపడాల్సి వస్తుంది. మన దగ్గర మినహాయింపు అక్షరాలా రాసి ఉన్నా, దాని గురించి బొండాలు కొట్టేవాడికి ఎవరూ చెప్పలేదు.

అందుకే పోలీసు స్టేషన్ల బయట, ఏజెన్సీ సంతల్లో, బస్టాండ్లలో ఈ మినహాయింపును తేలిక తెలుగులో రాసి అంటించాలి. ఎవరి కత్తినైనా స్వాధీనం చేసుకుంటే కారణం రాసి, రసీదు ఇవ్వాలి.  కత్తితో పనికి తిరిగేవారికీ ఒక మాట, బస్సెక్కేటప్పుడు కత్తి అంచుకు గుడ్డ చుట్టి గోనెలో పెట్టుకోండి. ఎవరైనా ఆపితే ఏ పనికి, ఎక్కడికి వెళ్తున్నారో జంకకుండా చెప్పండి. చట్టం మీ పనిముట్టును గుర్తించింది.