యాఖిమోవ్ గనులు
డాలరు అను పేరు ఒక చెక్ లోయలో పుట్టినది. జర్మనీ సరిహద్దున, క్రుష్నే హోరి పర్వతములలో, యాఖిమోవ్ అను చిన్న పట్టణము కలదు. వెండి దొరకగా 1516లో ఊరు వెలసెను. జర్మన్ భాషలో దాని పేరు యోఆఖిమ్స్‌తాల్. 'తాల్' అనగా లోయ. అచటి వెండి నాణెమును జనులు 'తాలర్' అనిరి. అదియే నోళ్ళలో నలిగి డాలరైనది.

వెండితోపాటు నల్లని బరువైన రాయి యొకటి తగులుచుండెను. పనికిరానిదని దానిని పారవేసెడివారు. ఆ పిచ్‌బ్లెండ్‌నుండియే 1898లో క్యూరీ దంపతులు పొలోనియమును, రేడియమును కనుగొనిరి. తరువాత, యురేనియము తీసివేయగా మిగిలిన పిప్పిని ఇచటినుండి టన్నులకొలది పారిస్‌కు తెప్పించి, 1902లో గ్రాములో పదియవ వంతు రేడియము క్లోరైడును వేరుచేసిరి.

మరి గనిపనివారి మాట? వారిలో పెక్కురు ఊపిరితిత్తుల జబ్బుతో మరణించెడివారు. 1527నుండి కొన్నేండ్లు ఇచట వైద్యుడుగా నుండిన అగ్రికోలా గనుల దుమ్మును నిందించెను. అసలు దోషి కంటికి కానరాదు. రేడియము క్షయించి రాడాన్ వాయువగును; రాడాన్ క్షయించి పొలోనియమగును. ఆ రేణువులు ఊపిరితిత్తులకు అంటుకొని, ఆల్ఫా కిరణములు వెలువరించి, క్యాన్సరు కలిగించును. క్యూరీలు కనుగొన్న రెండు మూలకములును ఈ గొలుసులోనివే!

రాడాన్‌పై అనుమానము బలపడిన పిమ్మటకూడ, 1949–61 మధ్య, చెకొస్లొవాక్ ప్రభుత్వము రాజకీయ ఖైదీలను శిబిరములలో నుంచి, సోవియట్ యూనియన్ కొరకు ఇచట యురేనియము త్రవ్వించెను. యురేనియము త్రవ్వకము 1964లో ఆగినది. స్వోర్నోస్త్ గనినుండి మాత్రము నేటికిని రాడాన్ నీరు పైకి వచ్చుచున్నది. కీళ్ళనొప్పుల రోగులు అందు స్నానము చేయుచున్నారు.