దశాబ్దంలో దాక్కున్న వాన

మొన్న వేసవిలో మా తాతయ్య మొదటి ఆబ్దికం జరిగింది. ఆయన గురించి ఒక పేజీ రాసి చదవమని నాకు అప్పజెప్పారు. తాతయ్య ఫ్రెండ్ ఒకాయన రాసిచ్చిన కాగితంలో "ఏడో దశకంలో టీచరుగా చేరాడు" అని ఉంది. నేను "1970లలో" అని రాసేశా. చదువుతుంటే అమ్మమ్మ మధ్యలోనే ఆపేసింది. "1968 రా! మీ అమ్మ పుట్టకముందు." అందరూ నవ్వారు గానీ నాకు సిగ్గేసింది.

తప్పెక్కడ? 20వ శతాబ్దం 1901లో మొదలైంది. మొదటి దశకం 1901-1910. అలా లెక్కేస్తే ఏడోది 1961-1970. సున్నా నుంచి ఇండెక్స్ లెక్కపెట్టే మనకి ఇది అచ్చంగా ఆఫ్-బై-వన్ ఎర్రరే. "ఏడో దశకం" వేరు, "డెబ్బైలు" వేరు.

అప్పుడే ఆ మాటల మీద ఆసక్తి పుట్టింది. దశకం అంటే నిజానికి పదింటి గుంపు, అంతే. అందులో సంవత్సరం ఎక్కడా లేదు. వంద పద్యాలుంటే శతకం అన్నట్టే. ఇంగ్లిష్ 'డికేడ్' కూడా అంతే. గ్రీకులో 'డెకా' అంటే పది. రోమన్ చరిత్రకారుడు లివీ పుస్తకాలను పదేసి చొప్పున కట్టగట్టి వాటినీ డికేడ్లనే అన్నారు. ఫ్రెంచి విప్లవం నాటి క్యాలెండర్‌లో అయితే 'డెకాడ్' అంటే పది రోజుల వారం!

దశాబ్దం మాత్రం వేరు. దశ + అబ్దం, సవర్ణదీర్ఘ సంధి. అబ్దం అంటే సంవత్సరం. ఇంకా విప్పితే అప్ అంటే నీళ్లు, ద అంటే ఇచ్చేది. నీళ్లిచ్చేది మేఘం. అబ్దానికి ఆ అర్థం కూడా ఉంది. వాన మళ్లీ వచ్చిందంటే ఏడాది తిరిగినట్టు. సంస్కృతంలో 'వర్షం' అన్నా అంతే, వానా అదే, ఏడాదీ అదే. అంటే దశాబ్దం పది వానాకాలాలు.

ఆబ్దికం కూడా ఈ అబ్దం నుంచే వచ్చింది. తాతయ్య లేకుండా ఒక వానాకాలం గడిచిందన్నమాట. కార్డు మీద అన్నిసార్లు చూసిన మాట అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

పేజీ సరిచేసి అమ్మమ్మకిచ్చా. దశకం, దశాబ్దం రెండూ తీసేసి "1968లో" అని రాశా. మీకూ డౌట్ వస్తే సంవత్సరమే రాసేయండి.