వ్యాయామశాలకు నేలే పునాది

యంత్రాలు కొనకముందే ఆలోచించాలి
పలకలపై ఇనుము పడితే నష్టమే

విజయనగరం: జిల్లాలోని పట్టణాలతోపాటు మండల కేంద్రాల్లోనూ జిమ్‌లు వెలుస్తున్నాయి. చదువు ముగించిన యువకులు బ్యాంకు రుణమో, ఇంటివారు సమకూర్చిన సొమ్మో పెట్టుబడిగా పెట్టి అద్దె భవనాల్లో వీటిని ప్రారంభిస్తున్నారు. ట్రెడ్‌మిల్లులు, డంబెల్స్, అద్దాలు, దీపాలకు లక్షలు వెచ్చిస్తున్నవారిలో చాలామంది నేల విషయాన్ని చివరకు వదిలేస్తున్నారు. అప్పటికి చేతిలో సొమ్ము మిగలదు. ఉన్న పలకల మీదే పలుచని పట్టా పరిచి పని కానిచ్చేస్తారు. కొద్ది నెలలకే పలకలు పగులుతాయి, పట్టా చిరుగుతుంది, చెమట పడినచోట కాలు జారుతుంది. కింది అంతస్తు వారితో తగవు, భవన యజమానితో పేచీ మొదలవుతాయి. ముందే కాస్త ఆలోచిస్తే ఈ చిక్కులన్నీ తప్పుతాయి.

మట్టి నేర్పిన పాఠం

వ్యాయామం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. కలియుగ భీముడిగా ఖ్యాతి గాంచిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశారు. నాటి తాలింఖానాల్లో నేల అంటే మట్టే. కుస్తీ గోదాలో జల్లించిన మట్టికి నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా తవ్వి ఉంచేవారు. మల్లుడు వెల్లకిలా పడినా ఎముక విరగకుండా ఆ మట్టి కాపాడేది. పడిన బరువును మెల్లగా ఆపడమే మంచి నేల చేయవలసిన పని. సిమెంటు, గ్రానైటు, పాలిష్ పలకలు ఆ పని చేయలేవు.

తాకిడి లెక్క ఇదీ

మీటరు ఎత్తు నుంచి జారిన బరువు గట్టి నేలను తాకి 1 మి.మీ. దూరంలోనే ఆగిందనుకుంటే, నేలపై పడే సగటు తాకిడి ఆ బరువుకు సుమారు వెయ్యి రెట్లు ఉంటుంది. అదే బరువు రబ్బరులోకి 10 మి.మీ. దిగి ఆగితే తాకిడి వంద రెట్లకు తగ్గుతుంది. బరువు అదే, ఎత్తు అదే. ఆగే దూరం పెరిగినకొద్దీ దెబ్బ తగ్గుతుంది. పరుపు మందానికి ఉన్న ప్రాధాన్యం ఇదే.

అలాగని నేల మరీ మెత్తగా ఉన్నా ప్రమాదమే. భుజాలపై బరువు మోస్తూ గుంజిళ్లు తీసేవారి పాదం పరుపులోకి కుంగితే మడమ ఒరిగి, చీలమండ, మోకాలు మెలిపడే అవకాశం ఉంటుంది. కాబట్టి నిలబడే చోటు గట్టిగానూ, బరువు పడే చోటు మెత్తగానూ ఉండాలి.

ఏ చోటికి ఏది?

గదినంతా ఒకే రకం పరుపుతో నింపనక్కరలేదు. ఎక్కడ ఏ వ్యాయామం చేస్తారో ముందుగా సుద్దతో గీతలు గీసుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. ఉదాహరణకు 600 చదరపు అడుగుల గదిలో డంబెల్స్, బార్ బరువులకు 200 అడుగులు సరిపోతే, మందపాటి రబ్బరు అంతమేరకే చాలు.

యంత్రాలు, ట్రెడ్‌మిల్లులు: ఇవి కదలకుండా, కింద పలకలు గీసుకుపోకుండా, అదురు తగ్గేలా 8 నుంచి 10 మి.మీ. రబ్బరు సరిపోతుంది.

డంబెల్స్, బార్ బరువులు: కనీసం 20 మి.మీ. రబ్బరు ఉండాలి. భారీ బరువులను తరచూ జారవిడిచే చోట 40 మి.మీ. వరకు అవసరమవుతుంది.

ఏరోబిక్స్, నృత్య వ్యాయామం: పాదం సులువుగా తిరగాలి కనుక రబ్బరు కన్నా క్రీడల కోసం తయారైన వినైల్ షీటు లేదా కింద ఒదుగు ఉన్న చెక్క నేల మేలు. రబ్బరు బూటును పట్టేస్తుంది. దేహం తిరిగినా పాదం తిరగక మోకాలిపై ఒత్తిడి పడుతుంది.

యోగా: ఉన్న పలకల మీద ఎవరి చాప వారు పరుచుకుంటే చాలు.

బజారులో రంగురంగుల్లో, ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా దొరికే స్పాంజి మ్యాట్లు చవకే. పిల్లల ఆటలకు, నేలపై పడుకుని చేసే వ్యాయామాలకు అవి పనికొస్తాయి. బరువుల కింద వేస్తే మాత్రం నొక్కుకుపోయి గుంటలు పడతాయి, అంచులు లేచి కాలికి తగులుతాయి.

వేదిక తయారీ మన చేతుల్లోనే

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఆ స్ఫూర్తితో వెయిట్‌లిఫ్టింగ్ వైపు వచ్చే బాలబాలికలు ఈ ప్రాంతంలో ఎందరో. పోటీల్లో వేదిక పొడవు, వెడల్పు నాలుగేసి మీటర్లు ఉంటాయి. సాధనకు 8 అడుగుల చదరం చాలు.

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 18 మి.మీ. మందం గల ప్లైవుడ్ షీట్లు అయిదు కావాలి. మొదట రెండింటిని పక్కపక్కన పరచాలి. వాటిపై మరో రెండింటిని అడ్డంగా వేసి మరమేకులు బిగించాలి. అయిదో షీటును పైన మధ్యలో అమర్చాలి. అభ్యాసకులు నిలబడేది దీనిమీదే. దానికి ఇరువైపులా మిగిలే రెండేసి అడుగుల్లో అంతే మందం గల రబ్బరు పరిస్తే ఎత్తు సమానమవుతుంది, బార్ చక్రాలు సరిగ్గా రబ్బరుపైనే పడతాయి. ఇనుప చక్రాలకు బదులు 450 మి.మీ. వ్యాసం గల రబ్బరు చక్రాలు వాడితే నేలతోపాటు బార్ కూడా మన్నుతుంది. మన తేమకు, చెదలకు మామూలు ప్లైవుడ్ ఆగదు. ఐఎస్ 710 ముద్ర గల మెరైన్ ప్లైవుడ్ తీసుకోవడం, అడుగున చెదల మందు పూయించడం మంచిది.

మేడపైన అయితే జాగ్రత్త

నివాస గృహాల శ్లాబును సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వినియోగ భారానికి లెక్కగట్టి కడతారు. వ్యాయామశాలకు కావలసిన బలం దాదాపు అందుకు రెట్టింపు. ఇంటి కోసం కట్టిన మేడ గదిని జిమ్‌గా మార్చేముందు ఇంజినీరుకు చూపించి తీరాలి. రబ్బరు తాకిడిని తగ్గిస్తుందే గానీ శ్లాబు బలాన్ని పెంచదు. వీలైనంతవరకు బార్ బరువులకు కింది అంతస్తునే ఎంచుకోవాలి. మేడపైన తప్పనిసరైతే బరువుల వరుసను గది నడుమ గాక, దూలాలకూ గోడలకూ దగ్గరగా ఉంచాలి. బరువులను జారవిడవడాన్ని నిషేధించాలి.

కొనేటప్పుడు, పరిచేటప్పుడు

రబ్బరు ధర మందాన్ని బట్టి, నాణ్యతను బట్టి చదరపు అడుగు లెక్కన ఉంటుంది. మందం ఒక్కటే చూసి మోసపోకూడదు. తూకం కూడా చూడాలి. అర మీటరు చదరం, 20 మి.మీ. మందం గల గట్టి రబ్బరు పలక సుమారు 5 కిలోలు తూగుతుంది. అంతకన్నా బాగా తేలికగా ఉంటే లోపల గుల్ల ఎక్కువని అర్థం. అంచును గోటితో గీకినప్పుడు పొడి రాలినా, ఘాటైన వాసన వచ్చినా వద్దనడమే మేలు.

పరిచే ముందు పాత పలకలను నాణెంతో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చినవి బరువుకు పగులుతాయి; వాటిని తీసి సిమెంటుతో పూడ్చాలి. కొత్త కాంక్రీటయితే కనీసం 28 రోజులు ఆగాలి. తేమ పరీక్షకు అడుగున్నర చదరం పాలిథిన్ కాగితాన్ని నేలపై పరచి నాలుగంచులూ టేపుతో అతికించి ఒక రోజు వదిలేయాలి. మరునాడు దాని అడుగున నీటి బిందువులు కనిపిస్తే నేల ఆరలేదన్నమాట. ఆ తేమ మీద రబ్బరు అంటిస్తే జిగురు ఊడిపోతుంది, బూజు పడుతుంది.

రేకుల షెడ్డులో ఎండకు రబ్బరు వ్యాకోచిస్తుంది. అందుకే సరకును ఒక రోజు అదే గదిలో ఉంచాక పరచాలి. గోడల వెంట 5 మి.మీ. ఖాళీ వదలాలి.

శుభ్రతకు తేలికపాటి సబ్బు నీరు, తడి గుడ్డ చాలు. కిరోసిన్, యాసిడ్ తగిలితే రబ్బరు పాడవుతుంది. చెమటను ఎప్పటికప్పుడు తుడవాలి. గాలి ఆడేలా కిటికీలు తెరిచి ఉంచాలి.

చేరేవారూ చూడాలి

రుసుము కట్టి జిమ్‌లో చేరేవారు కూడా యంత్రాల మెరుపు చూసి సరిపెట్టుకోకూడదు. ఒకసారి కిందికి చూడాలి. బరువులెత్తే చోట మందపాటి రబ్బరు ఉందా, అంచులు లేచాయా, తడి ఉందా అని గమనించాలి. పాత యంత్రాన్ని అమ్మి కొత్తది తెచ్చుకోవచ్చు. నేల మార్చాలంటే మాత్రం యంత్రాలన్నీ బయటపెట్టి, కొన్నాళ్లు తలుపులు మూసుకోక తప్పదు. అందుకే లెక్కల పుస్తకంలో మొదటి పద్దు నేలదే కావాలి.