మొటిమలు

మొటిమలు యుక్తవయస్సులో ముఖం, ఛాతీ, వీపు, భుజాలపై వచ్చే ఒక సాధారణ చర్మవ్యాధి. 12 నుండి 24 సంవత్సరాల వయస్సు గలవారిలో దాదాపు 85 శాతం మందికి ఇవి ఏదో ఒక స్థాయిలో వస్తాయని అంచనా. ఇది అంటువ్యాధి కాదు, ప్రాణాపాయకరమూ కాదు. అయితే "పెళ్ళయితే అవే పోతాయి" అని పెద్దలు వదిలివేయడం వలన, మొటిమలు తగ్గినా వాటి గుంటలు జీవితాంతం మిగిలిపోవచ్చు. అందువలన తొలిదశలోనే చికిత్స చేయించడం మంచిది.

కారణాలు

చర్మంలోని ప్రతి రోమకూపానికి అనుబంధంగా ఒక తైలగ్రంథి ఉంటుంది. ఇది సీబం అనే జిడ్డు పదార్థాన్ని స్రవిస్తుంది. యుక్తవయస్సులో ఆండ్రోజన్ హార్మోనుల ప్రభావం వలన బాలబాలికలిద్దరిలోను ఈ స్రావం అధికమవుతుంది. జిడ్డు, మృతకణాలు కలిసి రోమకూపాన్ని మూసివేస్తాయి. అక్కడ క్యూటిబాక్టీరియం ఏక్నెస్ అనే సూక్ష్మజీవి వృద్ధి చెంది వాపు కలుగుతుంది. తల్లిదండ్రులకు తీవ్రమైన మొటిమలు వచ్చి ఉంటే పిల్లలకు కూడా వచ్చే అవకాశం ఎక్కువ.

రకాలు

* బ్లాక్‌హెడ్లు, వైట్‌హెడ్లు: మూసుకుపోయిన రోమకూపాలు. బ్లాక్‌హెడ్లలోని నలుపు మురికి కాదు. అది మెలనిన్ వర్ణకం, గాలి తగిలి మారిన జిడ్డుల రంగు.
* ఎర్రని పొక్కులు, చీము పొక్కులు: వాపుతో కూడినవి.
* గడ్డలు: చర్మం లోతులో ఏర్పడి నొప్పి కలిగించేవి. వీటివలన గుంటలు పడే ప్రమాదం ఎక్కువ.

చామనచాయ, నలుపు చర్మం గలవారిలో పొక్కు మానిన తరువాత నల్లమచ్చ నెలల తరబడి ఉండవచ్చు. గిల్లితే ఈ మచ్చ మరింత ముదురుతుంది.

అపోహలు

ముఖం సరిగా కడుక్కోకపోవడం వలన మొటిమలు వస్తాయనుకోవడం పొరపాటు. సున్నిపిండితో గట్టిగా రుద్దడం, నిమ్మరసం, టూత్‌పేస్టు పూయడం వలన చర్మం మండి వాపు పెరుగుతుంది. ఆహారం విషయానికి వస్తే, చక్కెర ఎక్కువగా ఉండే పదార్థాలకు, కొంతమేరకు పాలకు, మొటిమలతో సంబంధం ఉన్నట్లు కొన్ని పరిశోధనలు సూచిస్తున్నాయి. అంతమాత్రాన ఎదిగే పిల్లలకు పాలు మాన్పించడం తగదు.

ఇంటి వద్ద జాగ్రత్తలు

* రోజుకు రెండుసార్లు, చెమట పట్టినప్పుడు మరొకసారి, గాఢత తక్కువ గల సబ్బుతో ముఖం మృదువుగా కడుక్కోవాలి.
* తలనూనె నుదుటిపైకి కారకుండా చూసుకోవాలి.
* మొటిమలను గిల్లరాదు, చిదమరాదు.

చికిత్స

స్వల్పస్థాయి మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ వంటి పూతమందులు వాడతారు. వీటిని పొక్కుపై మాత్రమే కాక, మొటిమలు వచ్చే ప్రాంతమంతా పలుచగా రాయాలి. మొదటి వారాలలో చర్మం ఎండి, పొట్టు లేవవచ్చు. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన బట్టలు రంగు పోతాయి. ఫలితం కనిపించడానికి 8 నుండి 12 వారాలు పడుతుంది. చాలామంది పిల్లలు పది రోజులకే విసిగి మందు మానివేస్తారు కనుక ఈ సంగతి ముందుగానే చెప్పాలి.

వాపు ఎక్కువగా ఉంటే వైద్యులు కొద్ది నెలలపాటు యాంటీబయాటిక్ మాత్రలు ఇస్తారు. తీవ్రమైన గడ్డలకు ఐసోట్రెటినోయిన్ ఇస్తారు. అమెరికాలో 1982లో అనుమతి పొందిన ఈ మందు శక్తివంతమైనది. గర్భిణులు వాడితే శిశువుకు తీవ్రమైన అవయవలోపాలు కలుగుతాయి. కనుక వైద్యుని పర్యవేక్షణ లేకుండా దీనిని వాడరాదు.

స్టెరాయిడ్ క్రీములతో ప్రమాదం

ఇరుగుపొరుగువారు, మందుల దుకాణంవారు సూచించే కొన్ని "తెల్లబరచే" క్రీములలో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. వీటివలన మొదట ముఖం నునుపుగా కనిపిస్తుంది. తరువాత చర్మం పలుచబడి, ఎర్రబారి, మొటిమలు మరింతగా వస్తాయి. మానివేయగానే మంట మొదలవుతుంది కనుక మళ్ళీ అదే క్రీము రాస్తారు. భారత ప్రభుత్వం 2018లో ఇటువంటి పలు పూతమందులను వైద్యుని చీటీపై మాత్రమే అమ్మాలని నిబంధన విధించింది. గొట్టంపై ఉన్న మందుల పేర్లు చదవడం ప్రతి ఇంటివారూ అలవరచుకోవాలి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు వైద్యుని సలహాతో మానుకోవాలి.

వైద్యుని ఎప్పుడు సంప్రదించాలి

* నొప్పి గల గడ్డలు, గుంటలు ఏర్పడుతున్నప్పుడు
* పూతమందు మూడు నెలలు వాడినా తగ్గనప్పుడు
* బాలికలలో నెలసరి క్రమం తప్పి, ముఖంపై వెంట్రుకలు పెరుగుతున్నప్పుడు
* బిడ్డ దిగులుతో బడికి వెళ్ళడానికి వెనుకాడుతున్నప్పుడు

ప్రభుత్వ బోధనాసుపత్రులలో చర్మవ్యాధుల విభాగాలు ఉంటాయి. అక్కడికి వెళ్ళేటప్పుడు అంతవరకు వాడిన మందులన్నీ, డబ్బాలతో సహా, తీసుకొని వెళ్ళాలి.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల పాత్ర

పదమూడేళ్ళ బిడ్డకు తన ముఖమే లోకం. ఫోటోకు నిలబడకపోవడం, నలుగురిలోకి రాకపోవడం, అద్దాన్ని తప్పించుకోవడం బాధకు గుర్తులు. బంధువుల ముందు ముఖం గురించి వ్యాఖ్యానించరాదు. తరగతిలో హేళనను ఉపాధ్యాయులు వెంటనే ఆపాలి. "ఇది నీ తప్పు కాదు, దీనికి మందు ఉంది" అని చెప్పి, చికిత్స విషయంలో బిడ్డ అభిప్రాయం అడగాలి. వైద్యునితో మాట్లాడే అవకాశం బిడ్డకే ఇవ్వాలి. దిగులు ఎక్కువగా ఉంటే 2022లో ప్రారంభమైన టెలీ మానస్ ఉచిత సేవను 14416 నంబరుకు ఫోన్ చేసి పొందవచ్చును.