చక్రములోని చాటు పగులు

సంతలో కుండ కొనబోయిన ఇల్లాలు దానిని ఎడమచేతిపై నిలిపి, కుడిచేతి వ్రేలి కణుపుతో రెండు మార్లు తట్టి చూచును. ఖంగుమన్నచో వెల అడుగును. బొదబొదమన్నచో క్రింద పెట్టును. ఒకప్పుడు రైలుబండి పెద్ద స్టేషనులో ఆగినంతనే పొడుగాటి సుత్తితో పెట్టెల చక్రములను వరుసగా కొట్టుచు పోయెడి మనిషిని మనలో పెద్దవారు చూచియే యుందురు. ఆ ఇల్లాలును, ఈ సుత్తి మనిషియు చేయు పని ఒక్కటే: కంటికి కనబడని పగులును చెవితో వెదకుట. చెవినే నమ్ముకొని బ్రతుకు మావంటివారికి ఈ విద్యపై అభిమానముండుట సహజము. అయినను అది ఎక్కడ చాలదో కూడ ఈ ప్రసంగమున చెప్పవలసి యున్నది.

విషయము పాత స్పోర్ట్సు కార్ల చక్రములు. యూరపు, అమెరికా దేశములలో 1950, 1960 దశకముల నాటి కార్లను కొని, బాగుచేయించి, ముచ్చటగా నడుపుకొనువారు ఎందరో కలరు. అట్టి కారునకు దానితో పుట్టిన చక్రములే ఉండవలెనని వారి పట్టుదల. దొరికిన చక్రమునకు ఏబదియో అరువదియో ఏండ్లుండును. అది ఎన్ని చేతులు మారినదో, ఎన్ని గోతులలో పడినదో చెప్పువారుండరు. అమ్మువాడు మాత్రము దానికి రంగువేసి, అద్దమువలె మెరుగుపెట్టి తెచ్చును. క్రొత్త సున్నము కొట్టిన గోడను చూచి ఇల్లు కొనువాడెట్టివాడో, ఆ మెరుగును చూచి చక్రము కొనువాడును అట్టివాడే.

ఒక ఉదాహరణము తీసికొందము. జర్మనీ దేశపు పోర్షె కంపెనీ 1967 నమూనాగా వెలువరించిన 911 ఎస్ కారునకు ఫుక్స్ అను సంస్థ చేసిన అల్యూమినియము మిశ్రలోహపు చక్రములను అమర్చిరి. ఐదు రేకుల పూవువలె నుండు ఈ చక్రము పోతపోసినది కాదు. వేడి లోహపు దిమ్మను గొప్ప ఒత్తిడి యంత్రముల క్రింద అదిమి, సాగదీసి, మలచి చేసినది. పోతలో గాలిబుడగలు మిగిలిపోవచ్చును. అదిమి చేసిన లోహము చిక్కబడి, తక్కువ బరువులో ఎక్కువ బలమునిచ్చును. చక్రము తేలికయైన కొలది, గతుకులపై అది ఎగిరిపడుట తగ్గి, టైరు రోడ్డును అంటిపెట్టుకొని యుండును. మొదట నాలుగున్నర అంగుళముల వెడల్పుతో వచ్చిన ఈ చక్రము 1973 నమూనా కరెరా ఆర్.ఎస్. నాటికి వెనుకవైపున 7 అంగుళములకు పెరిగినది.

ఇట్టి మిశ్రలోహమునకు బలము వచ్చుట వెనుక ఒక రహస్యము కలదు. దానిని 500 డిగ్రీల సెంటిగ్రేడు పైకి వేడిచేసి, ఒక్కసారిగా చల్లార్చి, పిమ్మట 150, 200 డిగ్రీల నడుమ కొన్ని గంటలపాటు సన్నని వేడిలో నుంతురు. ఆ సమయమున లోహములో పుట్టు అతిసూక్ష్మమైన కణములే దాని బిగువునకు కారణము. చక్రము సొట్టపడినదని ఎవరైన మంటతో కాచి సుత్తితో సరిచేసినచో ఆ కణములు ముదిరి పెద్దవై, లోహము ఆ మేర మెత్తబడిపోవును. ఇనుముతో పనిచేసి అలవాటుపడిన చేయి ఇక్కడ మోసపోవును. ఇనుము వేడెక్కిన కొలది ఎఱ్ఱబారి మనలను హెచ్చరించును. అల్యూమినియమునకు ఆ మర్యాద లేదు. సుమారు 660 డిగ్రీల వద్ద కరగిపోవు వరకును దాని రంగు మారినట్లే కనబడదు. వెల్డింగు అతుకు సంగతియు ఇంతే. అతుకు గట్టిగానే యుండవచ్చును గాని, దాని ప్రక్కనున్న లోహము బలము చచ్చి, మరల అక్కడనే చీలును. పైన రంగు వేసినచో ఈ చరిత్ర అంతయు మరుగుపడిపోవును.

పగులు ఒక్కనాటిలో పుట్టునది కాదు. టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లనుకొన్నచో, చక్రము కిలోమీటరునకు 500 మార్లు, లక్ష కిలోమీటర్లకు 5 కోట్ల మార్లు తిరుగును. తిరిగిన ప్రతిమారును లోహము కొంచెము వంగి మరల నిలిచును. ఉక్కునకు ఒక మితి కలదు. ఆ మితికి లోబడిన భారమును అది ఎన్ని మార్లయినను ఓర్చుకొనును. అల్యూమినియమునకు అట్టి స్పష్టమైన మితి లేదు. వెంట్రుకవంటి నెఱ్ఱె ఒకటి బోల్టు రంధ్రము అంచునో, రేకు మొదటనో బయలుదేరి, ఏండ్ల తరబడి మెల్లగా ప్రాకి, మిగిలిన లోహము చాలనినాడు ఒక్క క్షణములో తెగును. అది ఇంటి ముంగిట తెగదు. వేగముగా మలుపు తిరుగునప్పుడు, భారమంతయు ఒక ప్రక్కకు ఒరిగినప్పుడే తెగును.

కావున చక్రమును కొనుటకు ముందు టైరు ఊడదీయించవలెను. ముఖ్యమైన మాట ఇదియే. గోతి దెబ్బ సాధారణముగా తగులునది రిమ్ము లోపలి అంచునకు. టైరు ఉన్నంతకాలము అది సరిగా కంటబడదు. బరువు సరిచూచుటకు అతికించిన సీసపు ముక్కలు ఒకేచోట గుంపుగా నున్నచో వంకర ఉన్నదని అనుమానింపవలెను. చక్రమును ఇరుసుపై త్రిప్పి, ముల్లుగల కొలత గడియారముతో ప్రక్కకెంత ఊగుచున్నదో, పైకిక్రిందికెంత లేచుచున్నదో చూడవచ్చును. ఒక మిల్లీమీటరు దాటినచో మేమైతే కొనము. చక్రము వెనుక తయారీ నాడు గ్రుద్దిన సంఖ్యలు, కొలత, తేదీ ఉండును. అవి సగము అరిగిపోయినచో అక్కడ లోహమును చెక్కివేసిరని గ్రహింపవచ్చును.

ఇక నెఱ్ఱె మాట. కొన్నాళ్ల క్రితము ధ్వని కార్యక్రమమొకదాని కొరకు మేమొక మరమ్మతు శాలకు పోయి, మామూలు కార్ల అల్యూమినియము చక్రములు మూడింటిని వ్రేలాడదీయించి కొయ్యసుత్తితో కొట్టించితిమి. మంచిది గంటవలె మ్రోగెను. పెద్ద పగులున్నది బొంగురుగా పలికెను. మూడవది కూడ మంచిదానివలెనే మ్రోగెను. మేము సంతోషించి టేపు ఆపుచుండగా, అక్కడి మేస్త్రీ నవ్వి దానికి ఎఱ్ఱని మందు పూసెను. ఒక పావుగంట ఆగి, శుభ్రముగా తుడిచి, తెల్లని పొడి చల్లెను. నిమిషములో ఆ తెలుపుపై, బోల్టు రంధ్రము నుండి బయలుదేరి, కుంకుమ గీతవంటి సన్నని ఎఱుపు పైకి వచ్చెను. పగులులో దూరిన మందును పొడి పీల్చి పైకి తెచ్చునన్నమాట. ఆ రోజున మా చెవికి పట్టిన గర్వము దిగినది.

ఈ పరీక్షకు ముందు పాత రంగును మందుతోనే తీయవలెను. ఇసుక విసరు యంత్రముతో తీసినచో మెత్తని లోహము చదునై నెఱ్ఱె నోరు మూసికొనును. మందు లోనికి పోదు. ఉపరితలమునకు రాని లోపమును ఇది పట్టదు. దానికి ఎక్స్-రే తీయించవలసినదే.

పుల్లల చక్రములకు మాత్రము చెవి ఇప్పటికిని మంచి సాక్షియే. 1961లో వచ్చిన జాగ్వారు ఈ-టైపు కారునకు ఒక్కొక్క చక్రమునకు 72 పుల్లలు. ఒక్కొక్కదానిని మీటినట్లు తట్టిన, వదులైనది వీణలో తీగ జారినట్లు పలుకును. వీటిలో అసలు ప్రమాదము ఇరుసు వద్ద చక్రమును పట్టియుంచు పళ్ల అరుగుదల. పళ్లు సూదులవలె మొనదేలినచో కారు కదలునప్పుడును, ఆగునప్పుడును టక్కుమను. ఒకనాడవి పూర్తిగా ఊడ్చుకొనిపోయిన, ఇరుసు ఆగినను చక్రము ఆగదు.

ఇటలీ పందెపు కార్లకు మెగ్నీషియము చక్రములు కూడ వేసిరి. అల్యూమినియము కన్న మూడవ వంతుకు పైగా తేలిక. ఉప్పు తేమ తగిలిన, ఉక్కు బోల్టు ప్రక్కన త్వరగా తినివేయబడును. రంగు పొక్కినచోట గీకి చూడవలెను. గీకిన పొడి నిప్పంటుకొనిన నీళ్లు పోయరాదు, మంట హెచ్చును. పొడి ఇసుకయే మందు. 1955 జూన్ 11న లె మాన్ పందెములో కూలిన మెర్సిడెస్ కారు కవచము మెగ్నీషియపుది గనుక దాని మంటలు అంత భీకరములైనవి.

పరీక్షలో నెగ్గని చక్రమును ఏమి చేయవలెను? అంచున కొద్దిపాటి వంకరయైనచో, నేర్పరి మంట తగిలించక ఒత్తిడితో సరిచేయగలడు. చేసిన పిమ్మట ఎఱ్ఱమందు పరీక్ష మరల చేయించవలెను. పగులున్నచో అతికించి తిరిగి అమ్ముట దొంగతనముకన్న చెడ్డపని. గోడకు తగిలించి అందము చూచుకొనవచ్చును. అప్పుడును వెనుకవైపున చెరగని అక్షరములతో పగిలినదని వ్రాయవలెను, మన తరువాత దానిని ఎవరు దించుదురో తెలియదు గనుక. టైరు ఊడదీయుటకు ఒప్పుకొనని అమ్మకపుదారు వద్ద ధర అడుగనక్కరలేదు. కొన్న చక్రము బిగించిన తరువాత 100 కిలోమీటర్లు నడిపి, నట్లను కొలత పానాతో మరల ఒకమారు చూచుకొనవలెను. క్రొత్త రంగు నలిగి, అవి కొంచెము వదులై యుండుట కలదు.