పడ్డను పెంచుటయా, గేదెను కొనుటయా?

పాడిగేదె ముసలిదైనను, వట్టిపోయి మరల చూడి కట్టకున్నను, దాని స్థానమును దేనితో నింపవలెనను ప్రశ్న రైతునకు తప్పదు. సంతకు పోయి ఈనిన గేదెను తోలుకొనివచ్చుట ఒక దారి. ఇంటి దూడను పెంచుకొనుట మరియొకటి. ఈ రెంటి ఖర్చులను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

పెంపకపు ఖర్చును పలువురు సరిగా లెక్కింపరు. మేపు ఇంటిదే గదా యని విడిచిపెట్టుదురు. దూడ త్రాగిన పాలను మాత్రము నష్టముగా నెంచుదురు. దినమునకు రెండు లీటర్ల చొప్పున మూడు నెలలకు 180 లీటర్లగును. ఆ పాలను మిగుల్చబోయి దూడనే పోగొట్టుకొను ఇండ్లు పల్లెలలో తక్కువ కావు. ఈనిన మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టనారంభింపవలెను. దూడ బరువులో పదవ వంతు, అనగా 30 కిలోల దూడకు మూడు లీటర్లు, మొదటి దినముననే అందవలెను. పదవ దినమున ఏలికపాములకు మందు పోయవలెను. ఈ పాములు తల్లిపాల గుండ వచ్చును గనుక, దూడ మట్టి నాకలేదను ధైర్యము పనికిరాదు. నాలుగు, ఎనిమిది నెలల నడుమ ఈసుకుపోవు వ్యాధికి టీకా వేయింపవలెను. ఇట్లు పెరిగిన ముర్రా పడ్డ రెండున్నర యేండ్లకు చూడి కట్టి, పది నెలలు మోసి, మూడున్నర యేండ్లలోపుగా ఈనగలదు. అశ్రద్ధతో పెంచినది ఐదేండ్లకును ఈనకపోవచ్చును. అప్పుడు కొనుటయే చౌక.

కొనినచో పాలు నాడే చేతికందును. కాని తన కొట్టములోని మేలిగేదెను ఎవడు సంతకు తోలును? ఒక పూట పితుకక పొదుగు నింపి చూపుటయు, చచ్చిన దూడకు బదులు వేరొక లేతదూడను ప్రక్కన కట్టుటయు దళారులకు తెలిసిన ఉపాయములే. వరుసగా మూడు పూటలు దగ్గర నిలిచి పితికించి చూడనిదే బయానా ఈయరాదు. రక్తపరీక్ష చేయింపవలెను, ఇంటికి తెచ్చిన పిదప మూడు వారములు వేరుగా కట్టవలెను. హర్యానా నుండి తెచ్చిన గేదె మన యెండకు, మన గడ్డికి అలవాటుపడులోపల పాలు తగ్గుటయు కలదు.

ఒక్క గేదె గల కుటుంబము పెంపకముపై ఆధారపడుట కష్టము. ఈతకు పెయ్యదూడయే పుట్టునను నమ్మకము లేదు. పుట్టినను మూడున్నర యేండ్లు పాడి లేక కూర్చుండలేరు. అట్టివారు కొనుటయే మేలని మా అభిప్రాయము. నాలుగైదు గేదెలున్నవారు పెంచుకొనవలెను; అయితే అన్ని దూడలను గాదు. మిక్కిలి పాలిచ్చి, సకాలమున చూడి కట్టు గేదెకు పుట్టిన పడ్డలను నిలుపుకొని, తక్కినవానిని అమ్మివేయవచ్చును. అందులకు ఈతల తేదీలు, పాల కొలతలు వ్రాసిన పుస్తకమొకటి యుండవలెను. అది లేని యింట గృహిణి నడుగుట మంచిది. పెక్కు ఇండ్లలో పాలు పితుకునది ఆమెయే.