పెరటిలోని వసంతము

కావ్యములలో వసంతము కోకిల కూతతో వచ్చును. ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమమున హనుమంతునిపాడు ప్రాంతపు తల్లికి మాత్రము అది నీటి లెక్కతో వచ్చును. అవి వానను నమ్ముకొన్న మెట్టపొలములు. పెక్కు గ్రామముల బోరునీట ఫ్లోరైడు కలదు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినచో పళ్లకును ఎముకలకును చేటు. కనుక మంచినీరు బిందెలకు. బియ్యము కడిగిన నీరు, స్నానపు నీరు పాదులకు.

బూడిద కలిపి దాచిన సొర, బీర, గోరుచిక్కుడు విత్తనములు ఫాల్గుణముననే బయటికి వచ్చును. ఒక పెరట మొలవని బీర పొరుగింట మొలచును. ఆ యింటికి వంగనారు ఇక్కడినుండి పోవును. చుట్టరికము లేకున్నను ‘అక్కా’, ‘వదినా’ అను పిలుపులు ఈ గింజలవెంట పుట్టినవే. రచ్చబండ ముచ్చటలను మన రచయితలు విరివిగా వర్ణించిరి. ఈ పెరటిగోడ స్నేహములను ఏలనో అంతగా తలపలేదు.

పనికై హైదరాబాదునకో బెంగుళూరునకో పోయిన కొడుకును కోడలును ఉగాదికి వచ్చి మరలునపుడు వారి సంచిలో గోంగూర, వరుగులు, కందిపొడి ఉండును. వారి పిల్లలు తరచు నాయనమ్మ యింటినుండియే బడికి పోవుదురు. కొడుకు పంపు పైకము ఊరందరికిని తెలియును. ఆమె పెట్టునది లెక్క వ్రాయువారు లేరు.

నల్లమల సొరంగముల ద్వారా కృష్ణానీటిని ఈ సీమకు తెచ్చుటకే వెలిగొండ ప్రాజెక్టు తలపెట్టబడినది. చైత్రము ముదిరి బోరు సన్నగిల్లినపుడు మాత్రము ఏ పాదుకు నీరు మానవలెనో ఆమెయే నిర్ణయించును. విత్తనమునకై కాయ విడిచిన సొరతీగను ఎండనీయదు.